పాపిడి వెడల్పైతుంటే: నూనె మార్చే ముందు చూడాల్సినవి

పాలమూరు, నల్లగొండ పల్లెల్ల ఇప్పటికీ చాలా ఇండ్లల్ల దువ్వెనకు వచ్చిన ఎంటికలను పారెయ్యరు. ఉండ చుట్టి గోడ సందుల్నో, తలుపు వెనక వేలాడే కవర్లనో దాస్తరు. ఎంటికలు కొనేటాయన వచ్చినప్పుడు ఇచ్చి స్టీలు గిన్నెలో, పిన్నీసులో తీసుకుంటరు. నెత్తి పలుచబడుతుందని దిగులుపడే ఆడవాళ్ల చేతిల ఉన్న మొదటి కొలత ఆ కవరే. ఈ వారం నుంచి ఏ వారం ఎంటికలు ఆ వారం వేరే కవర్ల వేసి మీద తారీఖు రాయుండ్రి. నాలుగు వారాలవి పక్కపక్కన పెడితే ఊడుడు పెరుగుతుందా, తగ్గుతుందా, ఎప్పటిలెక్కనే ఉందా కండ్ల ముందే తెలుస్తది. ‘మస్తు ఊడుతున్నయి’ అంటే డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు, నాలుగు కవర్లు చూపిస్తే అయితది.

నెత్తి మీద సుమారు లక్ష ఎంటికలుంటయి. అందుల రోజుకు 50 నుంచి 100 రాలుడు మామూలే. మన దిక్కు చాలామంది వారానికి ఒక్కసారే నెత్తి మీద పోసుకుంటరు. వేరు వదిలేసి వారమంతా జడలనే ఇరుక్కున్నవన్నీ ఆ ఒక్క రోజే చేతికొస్తయి. ఆ నాడు రెండు మూడు వందలు రాలినా అది వారం లెక్క, ఒక్కరోజు లెక్క కాదు. భయపడి తలంటు మానేస్తే రాలాల్సినవి ఆగవు. వచ్చేసారి ఇంకింత పెద్ద ఉండ వస్తది, అంతే.

రాలిన ఎంటికను తెల్ల కాగితం మీద పెట్టి చూడుండ్రి. ఒక కొసకు ఆవగింజ కన్నా చిన్న తెల్ల గుబ్బ ఉంటే అది వేరు నుంచి రాలింది. గుబ్బ లేకుండా పొట్టిగ, కొస చీలి ఉంటే అది తెగింది. తెగుడు వేరు, రాలుడు వేరు. తెగేదానికి నూనె, నీళ్లు, దువ్వెన సంగతి చూడాలె. రాలేదానికి ఒంట్ల సంగతి చూడాలె. రెండింటికీ ఒకే సీసా మందని అమ్మేటోళ్ల మాట నమ్మొద్దు.

ఇంకొక పరీక్ష ఇంట్లనే చెయ్యొచ్చు. ఆ రోజు తలస్నానం చెయ్యకుండా, 60 దాకా ఎంటికల పాయను బొటనవేలు, చూపుడువేలు నడుమ పట్టి, మొదలు నుంచి కొస దాకా మెల్లగ జారనియ్యాలె. గుంజొద్దు. నెత్తి మీద నాలుగు చోట్ల ఇట్లనే చెయ్యాలె. ఒక్కొక్క చోట ఆరు కన్నా ఎక్కువ చేతికొస్తుంటే ఊడుడు జోరు మీదున్నట్టు. అసలేం రాకున్నా పాపిడి మాత్రం వెడల్పైతుంటే అది వేరే జాతి సమస్య, దాని సంగతి కింద చెప్త.

అన్నిటికన్నా పనికొచ్చేది ఫోటో. పాపిడి నడిమిల తీసి, తల వంచి, కిటికీ వెలుగుకు నిలబడి పైనుంచి ఒకటి తియ్యాలె. అదే పాపిడిని వెనక మెడ దిక్కు కూడా తీసి ఇంకొకటి. నెత్తి వెనకాల దట్టంగ ఉండి, ముందు నడినెత్తి మీద చర్మం కనిపిస్తుంటే అది వంశంల వచ్చే పలుచదనం. నుదుటి గీత మాత్రం చెదరదు, మగవాళ్ల లెక్క బట్టతల కాదు. ముందు, వెనక, పక్కలకు ఒకేతీరుగ పలుచనైతే అది ఒంట్ల ఏదో దెబ్బతిన్నదానికి గుర్తు. కణతల దగ్గర, చెవుల మీద మాత్రమే పోతుంటే జడ గుంజుడు. ఈ మూడింటిని విడదీసి చూస్తే సగం పైసలు మిగుల్తయి.

అంతటా ఒకేతీరుగ ఊడేదాన్ని పట్టుకోవాలంటే క్యాలెండర్ తియ్యాలె. ఒంటికి పెద్ద దెబ్బ తగిలితే పెరిగే ఎంటికల్ల ఎన్నో ఒక్కసారే పెరుగుడు ఆపి, వేరు వదులుకొని విశ్రాంతికి పోతయి. అవి రాలేది అప్పుడే కాదు, రెండు మూడు నెలల తర్వాత. అందుకే ఇయ్యాల ఊడుతున్నదానికి కారణం నిన్నటి షాంపూల దొరకదు, మూడు నెలల కిందటి జ్వరంల దొరుకుతది. వానాకాలం డెంగీ, టైఫాయిడ్, చికెన్‌గున్యా వచ్చినోళ్లకు దసరా, దీపావళి నడుమ ఎంటికలు కుప్పలుగ రాలుడు అందుకే. ఆపరేషన్, కాన్పు, ఇంట్ల చావు దుఃఖం, తిండి కడుపుకట్టి బరువు తగ్గుడు, ఇవన్నీ ఇట్లనే పనిచేస్తయి. దెబ్బ ఒక్కసారిదే అయితే ఆరు నెలలల్ల ఊడుడు దానంతట అదే ఆగుతది. పాపిడి పక్కన పొట్టి ఎంటికలు నిలబడి కనిపిస్తే అవి కొత్తవి, వాటిని నూనెతో అణచి బాధపడొద్దు. నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతయి కాబట్టి జడ లావు కనిపించనీకె ఏడాదన్నా పడతది.

బాలింతల సంగతి ప్రత్యేకం. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సినవి కూడా ఆగి ఉంటయి, కాన్పైన మూడో నెల నుంచి అవన్నీ కలిసి ఊడుతయి. సంవత్సరం తిరిగే వరకు చాలామందికి సర్దుకుంటది. సర్దుకోనియ్యనిది పథ్యం. కొన్ని ఇండ్లల్ల ఇప్పటికీ బాలింతకు పప్పు, కూర, గుడ్డు పెట్టకుండ ఎల్లిపాయ కారంతోనే నెలలు గడుపుతరు. రక్తం పోయి, పాలిస్తున్న మనిషికి అది చేసే నష్టం ఎంటికల దాకనే ఆగదు. అత్తమ్మలు, అమ్మలు ఈ ఒక్కటి వదిలిపెట్టాలె.

ఊడుడు ఆరు నెలలు దాటితే రక్తపరీక్ష తప్పదు. మన రాష్ట్రంల ఆడవాళ్లల్ల సగానికి పైగా రక్తం తక్కువున్నోళ్లే, అందుకని ఇక్కడి ఆడమనిషికి మొదటి అనుమానం ఐరన్ మీదనే పోవాలె. అడగాల్సిన పరీక్షలు: సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), వీలైతే బీ12, విటమిన్ డి. నెలసరి తప్పుతూ గదుమ మీద ఎంటికలు వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) పరీక్షలు కూడా. సర్కారు దవాఖానల రక్తం తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపుతరు. నల్లగొండల, మహబూబ్‌నగర్‌ల ఆ కేంద్రాలున్నయి. సీబీపీ, థైరాయిడ్‌కు పైసలు తీసుకోరు. ఫెర్రిటిన్ అక్కడ కాకుంటే ఆ ఒక్కటి బయట చేయించుకోవచ్చు, మొత్తం ప్యాకేజీ కొనాల్సిన పని లేదు.

కాగితం చదివేకాడ ఒక పొరపాటు జరుగుతది. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత అని అందరికీ తెలుసు. కాని హిమోగ్లోబిన్ 12 దాటి ఉండి కూడా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఆ నిల్వను చూపించేదే ఫెర్రిటిన్. చాలా ల్యాబుల కాగితం మీద 10, 15 నుంచే ‘నార్మల్’ అని రాసి ఉంటది. 30 లోపలుంటే నిల్వ తక్కువే అనుకొని డాక్టర్‌ను అడగాలె. జ్వరం ఉన్నప్పుడు, ఒంట్ల వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ లేనిది ఉన్నట్టు ఎక్కువ చూపిస్తది. జ్వరం తగ్గినంక నెల ఆగి చేయించుకోవాలె. ఎంటికలకని బయోటిన్ మాత్రలు మింగుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపాలె, లేకుంటే థైరాయిడ్ లెక్కలు తప్పొస్తయి. అసలు బయోటిన్ లోపం ఉన్నోళ్లు చాలా అరుదు. ఆ పైసలతో నెలంతా గుడ్లు తినొచ్చు.

సర్కారు ఐరన్ మాత్రల 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటది. పేరు లేని మాత్ర అని ఆశ వర్కర్ ఇచ్చిన షీట్లను డబ్బాల దాచిపెట్టొద్దు, దుకాణంల కొనే ఖరీదైన సీసాకన్నా అది తక్కువేం కాదు. పరిగడుపున వేసుకుంటే బాగ పడతది. కడుపుల తిప్పితే తిన్నంక గంటకు వేసుకోవచ్చు. రోజూ పడనోళ్లకు రోజు విడిచి రోజు కూడా పనిచేస్తది, డాక్టర్‌ను అడిగి మార్చుకోవాలె. దొడ్డికి నల్లగ వచ్చుడు మామూలే. మాత్రతోని ఛాయ్ తాగొద్దు, ముందు గంట, వెనక గంట ఆగాలె. క్యాల్షియం మాత్రకు రెండు గంటల ఎడం, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం. మాత్రతోపాటు ఒక నల్లగొండ బత్తాయి తింటే అందుల విటమిన్ సి ఐరన్‌ను ఒంటికి పట్టిస్తది. మన తోటల్ల కాసి లారీలల్ల దేశమంతా పోయే పండు, మన ఇంటి ఆడపిల్లలకు దొరకకపోతే ఎట్ల?

మంచిగ పనిచేస్తే నెల రోజులల్ల హిమోగ్లోబిన్ ఒక గ్రామన్నా పెరగాలె. పెరగకుంటే మాత్ర మార్చుడు కాదు, కారణం వెతకాలె. కొందరికి పుట్టుకతోనే తలసీమియా అనే రక్తలోపం కొద్దిగ ఉండి హిమోగ్లోబిన్ తక్కువుంటది కాని ఐరన్ తక్కువుండదు. వాళ్లకు ఏండ్ల తరబడి ఐరన్ ఇస్తే నష్టమే. హిమోగ్లోబిన్ సరైనంక కూడా మూడు నెలలు మాత్ర ఆపొద్దు, అప్పుడే నిల్వ నిండుతది. చాలామంది నీరసం తగ్గంగనే ఆపేస్తరు, ఎంటికలు మళ్ల మొదటికే వస్తయి. ఎందుకంటే ఒంటికి ఎంటిక చివరి అక్కర. ఉన్న ఐరన్ రక్తానికి, గుండెకు పోయినంక మిగిలితేనే నెత్తికి.

తిండిల మేక కార్జం, మాంసం, గుడ్డు నుంచి వచ్చే ఐరన్ తొందరగ పడతది. కడుపుతో ఉన్నోళ్లు మాత్రం కార్జం ఎక్కువ తినొద్దు. సజ్జ రొట్టె, ఉలవలు, నువ్వులు, తోటకూర మంచివే. వాటి ఐరన్ తక్కువ పడతది కాబట్టి నిమ్మకాయ పిండుకోవాలె. పుంటికూర ఒక్కదాని మీదనే భారం వెయ్యొద్దు. ఎంటిక దాదాపు మొత్తం ప్రోటీనే కాబట్టి పూటకు పిడికెడు పప్పో, పల్లీలో, ఒక గుడ్డో లేకుంటే ఏ నూనె పూసినా పునాది లేని ఇల్లే.

ఇంకొక మాట గట్టిగ చెప్పాల్సి ఉంది. నెలసరి ఏడు రోజులు దాటుడు, గడ్డలు పడుడు, గంట రెండు గంటలకే బట్ట మార్చుడు, ఇవి ఉంటే ఐరన్ ఎంత మింగినా చిల్లు కుండల నీళ్లే. దానికి వైద్యం ఉంది: మాత్రలున్నయి, కాపర్-టీ లెక్కనే గర్భసంచిల పెట్టే హార్మోన్ పరికరముంది. కాని మన పల్లెల్ల ముప్పై అయిదేండ్లకే ‘గర్భసంచి తీసేస్తే పోద్ది’ అని చేయించేస్తున్నరు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు, ఎముకలు, గుండె, ఎంటికలు అన్నీ దెబ్బతింటయి. ఆపరేషన్ అంటే ఇంకొక డాక్టర్‌ను కూడా అడగండి, అండాశయాలు ఉంచుతరా తీస్తరా అని నోరు తెరిచి అడగండి.

నీళ్ల సంగతి. నల్లగొండ దిక్కు ఏది వచ్చినా ఫ్లోరైడ్ మీదనే పోతది. ఫ్లోరైడ్ తాగే నీళ్ల సమస్య, పండ్లను, ఎముకలను పాడుచేస్తది. నెత్తి మీద పోసుకునేకాడ ఇబ్బంది బోరు నీళ్లల్ల ఉండే క్యాల్షియం, మెగ్నీషియంది. అవి సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డై ఎంటికకు అంటుకుంటయి, ఎంటిక గరుకై చిక్కుపడి తెగుతది. వేరు నుంచి మాత్రం ఊడగొట్టవు. నెత్తికి ఒంటిసబ్బు వాడొద్దు, చివరి రెండు చెంబులు భగీరథ నల్లా నీళ్లతోనో, ఫిల్టర్ నీళ్లతోనో పోసుకుంటే చాలు.

నూనె ఎంటికను కాపాడుతది, మొలిపించదు. తలంటుకు గంట రెండు గంటల ముందు రెండు చెంచాల కొబ్బరినూనె పట్టిస్తే కడిగేటప్పుడు తెగుడు తగ్గుతది. ఉత్త ఆముదం పెడితే జిగురై జడ అట్ట కట్టి, విడదీసేకాడ సగం తెగుతయి. ఒక వంతు ఆముదానికి మూడు వంతుల కొబ్బరినూనె కలపాలె. చుండ్రు ఉన్నోళ్లు నూనె రాత్రంతా ఉంచొద్దు, చుండ్రు చేసే క్రిమికి అదే తిండి. కీటోకొనజోల్ 2% షాంపూ వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు నురుగు ఉంచి కడిగితే నాలుగు వారాలల్ల తేలుతది. కుంకుడుకాయలు పడేటోళ్లు ఎనిమిది పది కాయలు గింజ తీసి, అర లీటరు వేడినీళ్లల్ల నానబెట్టి, పలుచటి బట్టల వడగట్టి వాడుకోవచ్చు. వడగట్టకుంటే పొట్టు నెత్తిల ఇరుక్కొని, గీరుకునుడు మొదలైతది. ఉల్లిగడ్డ రసం వద్దు, నెత్తి మండి పుండ్లు పడొచ్చు. పది నిమిషాలల్ల నల్లగ చేసే ‘నల్ల హెన్నా’ల పీపీడీ అనే రసాయన రంగు ఉంటది, అది కొందరికి పడదు. మోచేతి మడతల కొంచెం పూసి 48 గంటలు చూసినంకనే నెత్తికి. పాపిడిల పెట్టే కుంకుమ దురద పెడితే వెంటనే మార్చాలె.

యాదగిరిగుట్టకో, మన్యంకొండకో మొక్కు ఉంటే మూడు కత్తెరలిచ్చినా, గుండు ఇచ్చినా అది భక్తి. ఎంటికలు దట్టంగ వస్తయని మాత్రం గుండు చేయించుకోవద్దు. ఎంటిక లావు చర్మం కింది కుదురుల తేలుతది, కత్తి అంత లోతుకు పోదు. కొస మొద్దుగ ఉంటది కాబట్టి కొత్తల లావు అనిపిస్తది.

ఇగ పాపిడి మీది వంశపు పలుచదనం. దీంట్ల ఎంటికలు కుప్పలుగ ఊడవు, వచ్చే ప్రతి ఎంటికా ముందటిదానికన్నా సన్నగ వస్తది. ఐరన్ సరిచేసినా ఇది ఆగదు. దీనికి రుజువున్న పైపూత మందు మినాక్సిడిల్, మొదట బీపీ మాత్రగ వచ్చింది. ఆడవాళ్లకు 2% ద్రావణం పొద్దున 1 మి.లీ., రాత్రి 1 మి.లీ. లేకుంటే 5% నురుగు రోజుకొకసారి. 60 మి.లీ. సీసా రెండుపూటలా వాడితే నెల రోజులొస్తది. తక్కువ పూస్తే పైసలు దండగ, ఎక్కువ పూస్తే ముఖం మీద ఎంటికలు.

పూసే తీరు: నెత్తి పొడిగ ఉండాలె, నూనె ఉండొద్దు. నూనె పొర మీద మందు లోపలికి దిగదు, ఈ మందు ‘పనిచెయ్యలే’ అనేదానికి ఇది కూడా ఒక కారణం కావొచ్చు. నూనె పెట్టుకోవాలనుకుంటే తలంటుకు ముందు మాత్రమే. నడినెత్తి మీద అర అంగుళం ఎడంతో నాలుగైదు పాపిళ్లు తీసి, డ్రాపర్‌తో చర్మం మీద చుక్కలు పెట్టి వేలితో అద్దాలె. చేతులు కడుక్కోవాలె. పండుకునే రెండు గంటల ముందే పూస్తే మెత్తకు అంటి ముఖానికి రాదు. ఇంట్ల పిల్లి ఉంటే మందు తగలనియ్యొద్దు, దానికి ప్రాణం మీదికొస్తది. మొదటి రెండు నుంచి ఎనిమిది వారాలు ఊడుడు పెరుగుతది. పాత ఎంటికలను కొత్తవి నెట్టేస్తున్నయి, అక్కడే చాలామంది భయపడి ఆపేస్తరు. నాలుగు నుంచి ఆరు నెలలు ఆగితేనే ఫోటోల తేడా తెలుస్తది. ఆపేస్తే కొన్ని నెలలల్ల పెరిగినవి పోతయి. కడుపుతో ఉన్నోళ్లు, పాలిచ్చేటోళ్లు, బిడ్డ కోసం చూస్తున్నోళ్లు ముట్టుకోవద్దు. గుండెజబ్బున్నోళ్లు అడిగి వాడాలె. దురద పెడితే ద్రావణంల ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ కారణం కావొచ్చు, నురుగు రకానికి మారాలె. మినాక్సిడిల్, స్పైరనోలాక్టోన్, ఫినాస్టెరైడ్ మాత్రలు డాక్టర్ రాస్తేనే. ఇంట్ల మగవాళ్ల ఫినాస్టెరైడ్‌ను కడుపుతో ఉన్నోళ్లు అస్సలు వాడొద్దు.

గుండ్రంగ రూపాయి బిళ్లంత పోతే అది పేనుకొరుకుడు. నెత్తి మెరిసి రంధ్రాలు మూసుకపోయినా, చీము, మంట ఉన్నా, కనుబొమ్మలు కూడా పోతున్నా ఆలస్యం చెయ్యకుండ చర్మ డాక్టర్ దగ్గరికి పోవాలె. మచ్చపడ్డ చోట మళ్ల మొలవదు.

జడ గుంజుడు తొందరగ ఆపితే తిరిగొస్తది, ఏండ్లు గడిస్తే రాదు. జడ వేసినంక కనుబొమ్మ పైకెత్తితే కణత గుంజినట్టుంటే బిగువెక్కువైనట్టే. దేవరకొండ తండాల్ల ఘుగ్రీ, టోప్లీ (కణతల దగ్గర ఎంటికలకు కట్టే బరువు సొమ్ములు) పెట్టుకునే లంబాడ పెద్దమ్మలకు కణతల దగ్గర పోయేది ఆ బరువుతోనే, పండ్గల రోజులకు మాత్రమే ఉంచుకుంటే మిగిలినవన్నా నిలుస్తయి. సవరం మొదల్ల కట్టొద్దు. మూడు నాలుగు మెలికలు అల్లినంక కలిపితే బరువు జడ మీద పడతది, వేరు మీద పడదు. పెండ్లి పూలజడ కూడా ఫోటోలు కాంగనే తీసెయ్యాలె. తడి ఎంటికలను కొప్పు కట్టొద్దు.

మందు పనిచేసేదాకా కప్పుకునే తీర్లు కూడా వైద్యంల భాగమే, అందుకు సిగ్గుపడొద్దు. పాపిడి నడిమి నుంచి అంగుళం పక్కకు జరిపి, వంకరగ తీస్తే సగం దాగుతది. జడ భుజం కింది దాకా కత్తిరిస్తే బరువు తగ్గి మొదలు లేస్తది. పాపిడిల మెరుపు లేని నల్ల, ముదురు గోధుమ రంగు ఐషాడో మెత్తటి బ్రష్‌తో అద్దితే తెల్ల చర్మం కనిపించదు. కాటుక వద్దు, చెమటకు కారుతది. కెరాటిన్ పొడి (పలుచటి చోటును కప్పే, ఎంటికల రంగు సన్న పొడి) చల్లుకునేటోళ్లు పూర్తిగ ఆరిన, నూనె లేని ఎంటికల మీదనే చల్లి, చేత్తో తట్టాలె. మే నెల పాలమూరు ఎండల బస్సుల పోయేనాడు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నడినెత్తి బాగ కనిపిస్తే క్లిప్పుల టాపర్, అంటే నడినెత్తి వరకే పెట్టుకునే చిన్న విగ్గు, ఉంటది. దర్జీ టేపుతో పలుచటి చోటు పొడుగు, వెడల్పు కొలిచి, చుట్టూ ముప్పావు అంగుళం కలిపి కొనాలె, ఎందుకంటే క్లిప్పు పలుచటి చోట పట్టొద్దు, దట్టంగ ఉన్నకాడ పట్టాలె. చిన్నది కొంటే క్లిప్పులు ఉన్న కొన్ని ఎంటికలనే గుంజి ఊడదీస్తయి. రంగును మీ జడ కొసతోని పగటి వెలుగుల పోల్చుండ్రి, దుకాణం ట్యూబులైట్ల కింద కాదు. నైలాన్ రకానికి ఇస్త్రీ వేడి తగలొద్దు. రోజూ క్లిప్పు చోటు కొంచెం జరపాలె, రాత్రి తీసి స్టాండు మీదనో, బోర్లించిన చెంబు మీదనో పెట్టాలె. పది పదిహేను సార్లు పెట్టుకున్నంక చల్లనీళ్లల్ల షాంపూ కలిపి ముంచి తియ్యాలె, పిండొద్దు, తువాల్ల చుట్టి నీడకు ఆరబెట్టాలె.